ట్యూనాకు వేసిన గేలం, పడిన ఓపా

ఓపా అనే చేప కోసమే సముద్రంలోకి బయల్దేరే వాణిజ్య పడవలంటూ లేవు. అయినా హవాయి రెస్టారెంట్ల మెనూల్లో ఓపా కనిపిస్తుంది. హోనలూలూ చేపల వేలంలో దానికి పాడేవాళ్లు ఉంటారు. అక్కడి నుంచి ఐసు పెట్టెల్లో అమెరికా ప్రధాన భూభాగానికి విమానం కూడా ఎక్కుతుంది. పట్టాలని ఎవరూ అనుకోని చేప చుట్టూ ఇంత వ్యాపారం ఎలా అల్లుకుందో చూస్తే, సముద్ర చేపల లెక్కల్లో ఉన్న ఒక పెద్ద ఖాళీ బయటపడుతుంది. ధర పలికే చేప కాబట్టి ఓపాను వృథాగా ఎవరూ చూడరు. ఎవరి లక్ష్యమూ కాదు కాబట్టి దాని బాగోగులు చూసుకునే బాధ్యతా ఎవరి మీదా పడలేదు.

ముందు చేప సంగతి. మన తీరంలో దొరికే చందువను బండి చక్రమంత పెంచి, ఒళ్లంతా తెల్లటి చుక్కలు పెట్టి, రెక్కలకు ఎర్రరంగు పూస్తే దాదాపు ఓపా అవుతుంది. వీపు వెండి బూడిద రంగులో ఉంటుంది, పొట్టవైపు వచ్చేసరికి గులాబీ రంగులోకి తిరుగుతుంది. గుండ్రటి ఆకారం వల్ల ఇంగ్లిష్‌లో మూన్‌ఫిష్ అని కూడా అంటారు. హవాయి రేవులకు వచ్చేవి సాధారణంగా 30 నుంచి 90 కిలోల దాకా తూగుతాయి. ఇవి గుంపులు కట్టవు. స్క్విడ్‌లను వేటాడుతూ, ఎక్కువగా 50 నుంచి 400 మీటర్ల లోతు మధ్య ఒంటరిగా తిరుగుతాయి. దీన్నే గురిపెట్టి వేటాడే పడవలు లేకపోవడానికి ఈ ఒంటరితనమే పెద్ద కారణం. గుంపుగా తిరిగే చేప ఒకచోట తగిలితే వల నిండుతుంది. ఒక ఓపా దొరికిన చోట రెండోది దొరుకుతుందన్న నమ్మకం లేదు, ఆ ఒక్కదాని కోసం డీజిలు తగలేసుకునే పడవ యజమాని ఉండడు.

2015లో మాత్రం ఈ చేప పేరు ప్రపంచమంతా వినిపించింది. కాలిఫోర్నియాలోని లా హోయాలో ఉన్న అమెరికా ప్రభుత్వ మత్స్య పరిశోధన కేంద్రం శాస్త్రవేత్త నికొలస్ వెగ్నర్ బృందం, ఓపా తన ఒళ్లంతా వెచ్చగా ఉంచుకోగల చేప అని 'సైన్స్' పత్రికలో ప్రకటించింది. ట్యూనాలు, కొన్ని సొరచేపలు కూడా ఈతకు వాడే కండరాలను వెచ్చగా ఉంచుకోగలవు. కానీ వాటి గుండెకు చల్లటి రక్తమే అందుతుంది, అందుకని లోతులో కాసేపు వేటాడాక పైకొచ్చి వేడెక్కాల్సి ఉంటుంది. ఓపా పద్ధతి వేరు. ఛాతీ పక్కనున్న రెండు రెక్కలను అది ఆపకుండా ఆడిస్తూ ఈదుతుంది, ఆ కండరాల్లోనే వేడి పుడుతుంది. ఆ వేడి మొప్పల దగ్గర నీళ్లలో కలిసిపోకుండా అక్కడి రక్తనాళాల అమరిక అడ్డుపడుతుంది. ఒంట్లోంచి మొప్పలకు వెళ్లే వెచ్చటి రక్తం, మొప్పల నుంచి తిరిగొచ్చే చల్లటి రక్తం పక్కపక్కనే పారుతూ వేడిని ఇచ్చిపుచ్చుకుంటాయి. చుట్టూ ఉన్న నీటికంటే దాని ఒళ్లు సుమారు 5 డిగ్రీల సెల్సియస్ వెచ్చగా ఉంటుందని ఆ బృందం కొలిచింది. గుండె కూడా వెచ్చగానే ఉంటుంది కాబట్టి ఓపా చల్లటి లోతుల్లో ఎంతసేపైనా చురుగ్గా ఉండగలదు.

ఇదేదో జీవశాస్త్ర ముచ్చటలే అనుకోవడానికి వీల్లేదు, ఓపా వ్యాపారం మొత్తం దీని మీదే నిలబడి ఉంది. పగటిపూట చల్లటి లోతుల్లో తిరగగలిగే ఇంకో పెద్ద చేప బిగ్‌ఐ ట్యూనా. హవాయి పడవలు వెతికేది దాన్నే. రెండూ దాదాపు ఒకే లోతులో, ఒకే రకం ఆహారం కోసం తిరుగుతాయి. బిగ్‌ఐ లోతుకు గేలం దించిన వాడికి ఓపా తగలక మానదు.

ఆ గేలాల ఏర్పాటు పేరు లాంగ్‌లైన్. ఒక్కటే పొడవాటి నైలాన్ తాడు యాభై కిలోమీటర్లు, అంతకు మించి కూడా సముద్రంలో పరుచుకుంటుంది. అక్కడక్కడా తేలే బుడ్లు దాన్ని పట్టి ఉంచుతాయి. రెండు బుడ్ల మధ్య తాడు కిందికి వంగి ఉంటుంది, ఆ వంపులో పిల్ల తాళ్లకు గేలాలు వేలాడతాయి. ట్యూనా కోసం లోతుగా వేసే పద్ధతిలో రెండు బుడ్ల మధ్య కనీసం 15 పిల్ల తాళ్లు ఉండాలన్నది నిబంధన, పడవలు వేసేవి ఇంకా ఎక్కువే. ఎక్కువ గేలాలు ఉంటే వంపు పెరుగుతుంది, వంపు పెరిగితే గేలం లోతుకు దిగుతుంది. ఒక్కసారి వేసే తాడుకు రెండు మూడు వేల గేలాలు ఉంటాయి. పొద్దున వేసి, సాయంత్రం మొదలుపెట్టి రాత్రి దాకా లాగుతారు. ఎర తగిలించిన గేలానికి ఏ చేప నోరు పెడుతుందో పైనున్న వాడి చేతిలో లేదు.

హవాయిలో ఈ వేట జపాన్ వలసదారులతో వచ్చింది. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో, వెదురు కర్రలకు జెండాలు కట్టి తాడు ఆనవాలు పట్టే చిన్న పడవలు అవి. 1980ల చివర్లో నైలాన్ తాడు, దాన్ని చుట్టే యంత్రాలు, ప్రధాన భూభాగం నుంచి తరలివచ్చిన పెద్ద పడవలు ఒక్కసారిగా దిగాయి. 1987లో 40కి లోపే ఉన్న లాంగ్‌లైన్ పడవలు 1991 నాటికి 140 దాకా చేరాయి. అప్పుడు ప్రభుత్వం కొత్త పడవలకు అడ్డుకట్ట వేసి, పర్మిట్లను 164కు పరిమితం చేసింది. పడవలు పెరిగాయి, గేలాలు లోతుకు దిగాయి, ఓపాలు కూడా ఆ మేరకు పైకి రావడం మొదలైంది.

అంతకు ముందు పాత తరం లాంగ్‌లైన్ మత్స్యకారులు ఓపాను అదృష్టం తెచ్చే చేపగా చూసేవారట. అమ్మకుండా, మంచి మనసుతో ఎవరికైనా ఇచ్చేసేవారు. అందులో నమ్మకం పాలు ఎంత ఉన్నా, లెక్క పాలు కూడా కొంత ఉండే ఉంటుంది. కొనేవాడు లేని చేపను దానం చేయడం సులువు. తరచూ పడుతుంటే, ఒక్కోటి అర క్వింటా తూగుతుంటే దానం కుదరదు. దాన్ని అమ్మే దారి వెతకాలి.

దారి రెస్టారెంట్ల వైపు నుంచి తెరుచుకుంది. 1991లో హవాయిలో పన్నెండు మంది షెఫ్‌లు ఒక జట్టుగా ఏర్పడి, దిగుమతి సరుకు పక్కనపెట్టి దీవుల్లో దొరికే పంట, చేప, మాంసంతోనే వండుతామని ప్రకటించుకున్నారు. హవాయి రీజినల్ క్యుజీన్ అన్న పేరు అలా పుట్టింది. ఈ ధోరణి బలపడుతున్న కొద్దీ పర్యాటకుడి పళ్లెంలోకి ట్యూనా, మహీ మహీలతో పాటు ఓపా, మోంచాంగ్ లాంటి కొత్త పేర్లు వచ్చాయి. పేరు కొత్తగా ఉండటం ఇక్కడ అడ్డు కాలేదు సరికదా, హవాయికి వచ్చిన వాడికి హవాయిలోనే దొరికే చేప అని చెప్పి వడ్డించడానికి పనికొచ్చింది.

కోసే బల్ల మీద మాత్రం ఓపా అంత తేలికైన చేప కాదు. తల పెద్దది, చర్మం మందం, దాని కింద కొవ్వు పొర. మొత్తం బరువులో తినే ముక్కగా చేతికొచ్చేది మూడో వంతుకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. అంటే 50 కిలోల చేప కొన్నవాడు 30 కిలోలకు పైగా పారేయడానికే డబ్బు కడుతున్నట్టు. వేలంలో బిగ్‌ఐ కంటే ఓపా తక్కువకు పోవడానికి ఇదీ ఒక కారణమే. పైగా మాంసం అంతా ఒకేలా ఉండదు. వెన్ను పక్క భాగం నారింజ రంగులో మెత్తగా ఉంటుంది, పచ్చిగా తినే సాషిమికి అది పోతుంది. పొట్టవైపు ముక్క గులాబీ రంగులో కాస్త పీచుగా ఉంటుంది. బుగ్గలు, ఛాతీ భాగం ముదురు ఎరుపు. మిగతావన్నీ వండితే తెల్లబడతాయి, ఛాతీ కండ మాత్రం గోధుమ రంగుకు తిరిగి పశుమాంసాన్ని తలపిస్తుంది. ఆపకుండా రెక్కలాడించి ఒంటికి వేడి పుట్టించేది ఆ కండే, అంత ఎరుపు దానికి అందుకే వచ్చింది. చాలాకాలం వెన్ను ముక్క తీసుకుని ఈ కండను కిందిరకం కింద లెక్కేశారు. ఈమధ్య హవాయిలోనూ, కాలిఫోర్నియాలోని శాన్ డియాగోలోనూ షెఫ్‌లు దాన్ని ఖైమా కొట్టి, సాసేజ్ చేసి, గ్రిల్ మీద కాల్చి అమ్మడం నేర్చుకున్నారు. శాన్ డియాగోలో 2014లో మొదలైన రేవు సంత ఇలాంటి కోతలు నేరుగా జనానికి చేరడానికి ఉపయోగపడింది.

ఓపాకు కలిసొచ్చినది అన్ని చేపలకూ కలిసి రాలేదు. అదే గేలాలకు అంతకంటే ఎక్కువ సంఖ్యలో పడే లాన్సెట్‌ఫిష్ అనే పొడవాటి చేప ఉంది. పెద్ద పళ్లు, వీపంతా తెరచాప లాంటి రెక్క, చూడటానికి భయంకరంగా ఉంటుంది. మాంసం మాత్రం జిగురు జిగురుగా, నీళ్లోడుతూ ఉంటుంది. దాన్ని కొనేవాడు లేడు కాబట్టి గేలం నుంచి విప్పి సముద్రంలోకి విసిరేస్తారు. ఎస్కొలార్ కథ ఇంకో రకం. హవాయిలో వాలు అని పిలిచే ఈ చేప మాంసం తెల్లగా, వెన్నలా ఉంటుంది, రుచికి వంక పెట్టలేం. చిక్కల్లా అందులోని మైనపు నూనెతో. మనిషి పేగులు దాన్ని అరిగించుకోలేవు, కాస్త ఎక్కువ తింటే ఆ నూనె తనదారిన తాను బయటికి వచ్చేస్తుంది. జపాన్‌లో 1970ల నుంచే దీని అమ్మకం నిషేధం, ఇటలీలోనూ అంతే. అమెరికాలో మాత్రం అమ్ముతారు. ఒకే తాడుకు పడిన మూడు చేపల్లో ఒకటి రెస్టారెంటుకు, ఒకటి అనుమానం మధ్యనే బజారుకు, ఒకటి తిరిగి నీళ్లలోకి పోతున్నాయి. ఈ మూడింటి మధ్య తేడా తెచ్చింది గేలం కాదు, కొనేవాడు. మన తీరంలో ట్రాలర్ వలలకు పడే చిన్నాచితకా చేప ఎండబెట్టి కోళ్ల దాణాకో, చేపల పొడి మిల్లుకో పోవడం వెనక ఉన్నదీ ఇదే లెక్క.

చట్టం కూడా ఈ లెక్కనే ఒప్పుకుంది. అమెరికా సముద్ర చేపల వేటకు ఆధారమైన మాగ్నసన్-స్టీవెన్స్ చట్టం 1976 నాటిది. 1996 సవరణలో బైక్యాచ్ అంటే ఏమిటో అందులో నిర్వచించారు. పట్టాక అమ్మకుండా, సొంతానికి ఉంచుకోకుండా వదిలేసిన చేప బైక్యాచ్. ఆ లెక్కన రేవుకు చేరి అమ్ముడుపోయిన ఓపా బైక్యాచ్ కాదు, అదే తాడుకు పడి సముద్రంలోకి తిరిగి వెళ్లిన లాన్సెట్‌ఫిష్ బైక్యాచ్. వృథా తగ్గించడమే గురి అనుకుంటే ఈ నిర్వచనంలో తప్పులేదు. కానీ పట్టిన చేప అమ్ముడుపోతే చాలు, వేట సవ్యంగా ఉందని కాగితం మీద తేలిపోతుంది. సముద్రంలో ఆ చేప ఎన్ని మిగిలిందన్న ప్రశ్నకు ఆ కాగితంలో చోటు లేదు.

ఎందుకంటే ఆ ప్రశ్న వేసేవాళ్లు వేరే జీవుల దగ్గర ఉన్నారు. హవాయి లాంగ్‌లైన్ మీద పాతికేళ్లుగా నడిచిన కోర్టు కేసులు, కొత్త నిబంధనలు దాదాపు అన్నీ తాబేళ్లు, ఆల్బట్రాస్ పక్షులు, ఫాల్స్ కిల్లర్ వేల్‌లు, సొరచేపల చుట్టూ తిరిగినవే. తాబేళ్ల కారణంగానే కత్తిచేప కోసం తక్కువ లోతులో వేసే వేటను 2001లో ఆపి, గేలం ఆకారం, ఎర మార్చాక 2004లో తెరిచారు. వైట్‌టిప్ సొరచేప కొరికి తప్పించుకోవడానికి వీలుగా 2022లో గేలం దగ్గర ఇనుప తీగను నిషేధించారు. అవన్నీ కావలసిన పనులే. ట్యూనా సంగతి చూస్తే బిగ్‌ఐకి అంతర్జాతీయ కమిషన్ ఉంది, కోటా ఉంది, ఎప్పటికప్పుడు నిల్వల అంచనా ఉంది. ఈ రెండు జాబితాల్లో దేనిలోనూ పట్టని చేప ఓపా. అంతరించే ప్రమాదంలో ఉన్న జీవి కాదు, గురిపెట్టి పట్టే జీవీ కాదు. హవాయి ఓపాకు కోటా లేదు, సముద్రంలో ఎంత ఉందో చెప్పే పూర్తిస్థాయి అంచనా లేదు. వేట వల్ల దానికి ముప్పు లేదని చాలామంది నమ్ముతారు. ఆ నమ్మకానికి మద్దతుగా చూపించేవి వేలం లెక్కలు, పడవల లాగ్‌బుక్కులే.

ఆ లాగ్‌బుక్కుల్లోనూ ఒక చిక్కు ఉంది. ప్రపంచంలోని అన్ని వెచ్చటి సముద్రాల ఓపా ఒకటే జాతి, లాంప్రిస్ గుటాటస్ అని చాలాకాలం అనుకున్నారు. హవాయి వేలంలో చేపలు చూస్తూ వచ్చిన పరిశోధకులకు కొన్నింటి కన్ను పెద్దదిగా, కొన్నింటిది చిన్నదిగా కనిపించింది. జన్యువులు పరీక్షిస్తే అవి వేర్వేరు జాతులని తేలింది. 2018లో వెలువడిన వర్గీకరణ ఆ ఒక్క పేరును ఐదు జాతులుగా విడగొట్టింది, అందులో మూడింటికి అప్పుడే పేర్లు పెట్టారు. హవాయి చుట్టూ పడేవి రెండు, పెద్ద కన్నుది, చిన్న కన్నుది. అంటే దశాబ్దాలుగా ఓపా అని ఒకే గడిలో రాసిన సంఖ్య రెండు చేపల మొత్తం. వాటిలో ఒకటి తగ్గుతూ ఇంకోటి పెరిగినా ఆ మొత్తం నిలకడగానే కనిపిస్తుంది. పాత లెక్కను వెనక్కి వెళ్లి విడదీసే వీలు లేదు.

ఈ అనుమానం అనవసరం అనుకోవడానికి లేదు. హవాయి పడవల లెక్కలను 1996 నుంచి 2006 వరకు తీసుకుని మత్స్య శాస్త్రవేత్త జెఫ్రీ పొలోవినా, ఆయన సహచరులు 2009లో ఒక అధ్యయనం ప్రచురించారు. బిగ్‌ఐ, ఆల్బకోర్ ట్యూనాలు, బ్లూ షార్క్, రెండు రకాల మార్లిన్ కుటుంబపు చేపలు గేలాలకు చిక్కే రేటు ఏడాదికి 3 నుంచి 9 శాతం తగ్గుతూ వచ్చింది. అదే కాలంలో మహీ మహీ, సికిల్ పాంఫ్రెట్, ఎస్కొలార్, స్నేక్ మాకెరల్ చిక్కే రేటు ఏడాదికి 6 నుంచి 18 శాతం పెరిగింది. పై వరుసలో వేటాడే పెద్ద చేపలను మనుషులు తీసేస్తుంటే, వాటికి ఆహారమయ్యేవో, వాటితో పోటీపడేవో అయిన నడిమి చేపలకు ఊపిరి ఆడిందన్నది వాళ్లు చూపిన కారణం. అనుకోకుండా పడే చేపల సంఖ్య అటు ట్యూనా వేట ఒత్తిడిని బట్టి, ఇటు సముద్రంలో పోటీని బట్టి మారుతూ ఉంటుందని దీంతో తేలుతోంది. వేలంలో ఎక్కువ కనిపిస్తే చేప క్షేమమని, తక్కువైతే ప్రమాదమని నేరుగా తేల్చేయడం కుదరదు.

ఇదే చేపను న్యూజిలాండ్ ఇంకో తీరుగా చూసింది. అక్కడా ఓపా ట్యూనా లాంగ్‌లైన్‌కు అనుకోకుండా పడేదే. 1986 నుంచి ఆ దేశం చేపలను కోటా పద్ధతిలో నడుపుతోంది. 2004 అక్టోబరు 1న మూన్‌ఫిష్‌ను కూడా అందులో చేర్చి, దేశమంతటికీ కలిపి ఏడాదికి 527 టన్నుల వాణిజ్య పరిమితి పెట్టింది. కోటా వాటా లేకుండా ఈ చేపను తెచ్చిన పడవ ప్రభుత్వానికి కిలోకు ఇంత అని రుసుం కట్టాలి. ఆ రుసుం నిర్ణయించడంలోనే ఉంది నేర్పంతా. మరీ తక్కువ పెడితే కోటా దాటి పట్టినా లాభమే మిగులుతుంది. మరీ ఎక్కువ పెడితే రేవుకు తెచ్చే బదులు చీకట్లో సముద్రంలోకి తోసేయడం మేలనిపిస్తుంది. గేలానికి ఏది పడుతుందో తెలియని వేటలో కోటా పెట్టడం అంటే మత్స్యకారుడికి నిజంగానే టెన్షన్. తన చేతిలో లేని దానికి జరిమానా కట్టాలి. అయినా ఆ పద్ధతి వల్ల ఒక మేలు జరిగింది. చేప పేరు మీద ప్రభుత్వ పుస్తకంలో ఒక పేజీ తెరుచుకుంది, దాని వయసు, ఎదుగుదల గురించి ఆరా తీయాల్సిన అవసరం వచ్చింది. 2004లోనే అక్కడి శాస్త్రవేత్తలు రెక్క ముళ్లను కోసి, అందులోని వలయాలు లెక్కపెట్టి, ఈ చేప నాలుగైదేళ్లకు పెద్దదవుతుందని, 13, 14 ఏళ్ల దాకా బతకగలదని తేల్చారు. నెమ్మదిగా ఎదిగే లోతు చేపల్లాగా ఇది ముప్పై ఏళ్లు ఆగి పిల్లలు పెట్టే రకం కాదు, కొంత వేటను తట్టుకోగలదు. కాకపోతే ఆ పని ఓపా అంతా ఒకటే జాతి అనుకున్న రోజుల్లో, న్యూజిలాండ్ నీళ్లలో చేసినది. దాన్ని యథాతథంగా హవాయి రెండు జాతులకూ అంటించడం సరికాదు.

హవాయికి న్యూజిలాండ్ కోటా అచ్చంగా నప్పకపోవచ్చు. కానీ కోటా కంటే ముందు చేయగలిగిన చవక పని ఒకటుంది. హోనలూలూ వేలంలో చేపలను గంపగుత్తగా అమ్మరు, ఒక్కో పెద్ద చేపనూ విడిగా తూచి, చీటీ పెట్టి అమ్ముతారు. ఓపా చీటీ మీద కన్ను పెద్దదా చిన్నదా అన్న ఒక గడి చేరిస్తే, పదేళ్లలో రెండు జాతుల లెక్కలు వేర్వేరుగా చేతికొస్తాయి. పడవ వెంట వెళ్లి పడిన చేపలను నమోదు చేసే పరిశీలకుడు లేని పడవల సమాచారం కూడా అందులో కలుస్తుంది. ట్యూనా లాంగ్‌లైన్‌లో పరిశీలకులు చాలా ఏళ్లు వెళ్లింది ఐదు ప్రయాణాల్లో ఒకదానికే కాబట్టి అది చిన్న సంగతి కాదు.

కాలిఫోర్నియాలో పరిస్థితి ఇంకో మలుపు తిరుగుతోంది. అక్కడ ఓపా చాలాకాలం కత్తిచేప కోసం వేసే, నీటి ప్రవాహంతో పాటు కదిలే డ్రిఫ్ట్ గిల్‌నెట్ వలల్లోనూ పడేది. తిమింగిలాలు, తాబేళ్లు చిక్కుకుంటున్నాయని 2018లో రాష్ట్ర ప్రభుత్వం, 2022 డిసెంబరులో కేంద్ర చట్టం ఆ వలలకు గడువు పెట్టాయి. వాటి బదులు 2023లో లోతు బుడ్ల గేలాలకు అనుమతి ఇచ్చారు. కొన్ని గేలాలే, లోతుగా, బుడ్డి కదిలిందంటే వెంటనే వెళ్లి లాగేసే పద్ధతి అది. అనుకోనివి దాదాపు పడవు, పడినవి బతికుండగానే వదిలేయవచ్చు. తాబేలుకూ తిమింగిలానికీ అది నిస్సందేహంగా మేలు. ఓపా అమ్మడం నేర్చుకున్న శాన్ డియాగో కొట్లకు మాత్రం సరుకు వచ్చే దారి ఒకటి మూసుకుపోతోంది. మిగిలేది, హవాయి పర్మిట్‌తో తిరుగుతూ కాలిఫోర్నియా రేవుల్లో చేప దించే లాంగ్‌లైన్ పడవలే. అవి ఎప్పుడు వస్తాయి, ఎంత దూరం వెళ్తాయి, ఎంత లోతుకు గేలం దించుతాయి అన్నది ఆ ఏడాది బిగ్‌ఐ ఎక్కడుంది, దాని కోటా ఎంత మిగిలింది అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఓపాకు గిరాకీ ఎంత పెరిగినా దాని కోసం ఒక్క గేలం కూడా అదనంగా పడదు, గిరాకీ పడిపోయినా ఒక్క గేలం తగ్గదు.